గర్భాశయ ముఖ క్యాన్సరు: వ్యాపన భయమును అంచనా కట్టు విధము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



స్త్రీలకు గర్భాశయ ముఖమున వచ్చు క్యాన్సరును గూర్చి నేటి ఉపన్యాసము. ఇట్టి విషయమును నలుగురిలో ముచ్చటించుట మర్యాద కాదని తలంచువారు కలరు. ఆ తలంపు వలననే పల్లెలలో స్త్రీలు తెల్లబట్ట మితిమీరినను, ముట్లుడిగిన పిమ్మట నెత్తురు కనబడినను, కన్నతల్లితో సైతము చెప్పుకొనక నెలలు గడుపుచున్నారు. 2022వ సంవత్సరపు అంతర్జాతీయ గణనము ననుసరించి ప్రపంచమున ఆ యేట సుమారు 6,60,000 మంది స్త్రీలకు ఈ రోగము కొత్తగా కనబడినది. సుమారు 3,50,000 మంది మరణించిరి. అందు మన దేశమున కొత్తగా రోగమంటినవారు సుమారు 1,27,000 మంది, మరణించినవారు దాదాపు 80,000 మంది. ఇందరి ప్రాణములతో ముడిపడిన సంగతిని గ్రంథాలయ సభలో చెప్పుకొనుటకు సిగ్గుపడనక్కరలేదు.

రోగమేల వచ్చునను ప్రశ్న చాలవరకు తేలినది. జర్మను శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ ట్సుర్ హౌసెన్, ఆయన సహచరులును 1983, 1984 సంవత్సరములలో హ్యూమన్ పాపిలోమా వైరసు జాతిలో 16వ సంఖ్య, 18వ సంఖ్య గలవానిని ఈ క్యాన్సరు నుండి వేరుచేసి చూపిరి. అందులకు ఆయనకు 2008లో నోబెల్ బహుమానము లభించినది. దాంపత్యము వలన సోకు ఈ వైరసు అనేకులకు ఒకటి రెండేండ్లలో తనంతట తానే తొలగిపోవును. కొందరిలో మాత్రము తిష్ఠవేసి, సాధారణముగా పది యేండ్లకు పైబడిన కాలమునకు క్యాన్సరుగా పరిణమించును. ఇది స్త్రీ నడవడికి కట్టబెట్టదగిన నింద ఎంతమాత్రమును కాదు. ఒక్క భర్తనే ఎరిగిన ఇల్లాలికిని రావచ్చును.

ఈ భాగము ఇంతటితో చాలును. రోగము వచ్చినదని తేలిన తరువాత వైద్యుని యెదుట నిలుచు ప్రశ్న వేరొకటి. ఇది పుట్టినచోటనే యున్నదా, ప్రాకినదా? ప్రాకినట్లు కంటికి కనబడకున్నను, కనబడకుండ ప్రాకియుండుటకు అవకాశమెంత? ఈ అంచనాను బట్టియే కోత యెంతవరకు కోయవలెను, గర్భసంచి మిగులునా, కిరణ చికిత్స కావలయునా యన్నవి నిర్ణయమగును. అంచనా తక్కువ కట్టినచో రోగము మిగిలి ప్రాణము దీయును. ఎక్కువ కట్టినచో అవసరము లేని చికిత్స వలన మూత్రము నిలువకపోవుట, కాళ్ళు బోదకాళ్ళవలె వాచుట, సంతానయోగ్యత నశించుట మొదలగు బాధలు జన్మాంతము వెంటాడును. రెండు ప్రక్కలను నష్టమున్నది గనుకనే ఈ లెక్కకింత ప్రాముఖ్యము.

రోగము ప్రాకు త్రోవ తెలియనిదే ఈ లెక్క బోధపడదు. గర్భాశయ ముఖమనగా గర్భసంచి క్రిందికొన. యోనిలోనికి కొంత చొచ్చుకొనియుండును. దానిపై పలుచని పొర కప్పియుండును. చెడిన కణములు ఆ పొరలోనే యున్నంత కాలము అది ఇంకను క్యాన్సరు కాదు. చిన్న చికిత్సతో సంపూర్ణముగా పోవును. పొర అడుగుననుండు గట్టును తెగగొట్టుకొని లోపలి కణజాలములోనికి దిగిననాడు దానికి క్యాన్సరని పేరు. ఆ కణజాలమున సన్నని రక్తనాళములును, వానితోపాటు శోషరస నాళములును వలవలె అల్లుకొని యుండును.

శోషరసమన్న మాట కొత్తదైనను వస్తువు కొత్తది కాదు. కాలికి ముల్లు గ్రుచ్చుకొని చీము పట్టినప్పుడు గజ్జలో బిళ్ళ కట్టుట ఎల్లరకును తెలిసినదే. ఆ బిళ్ళయే శోషరస గ్రంథి. శరీరమున కణజాలములనుండి ఊరిన నీరు సన్నని నాళములలో చేరి, ఇట్టి గ్రంథులలో వడపోయబడి, తిరిగి రక్తమున కలియును. ఊరి పొలములలో మురుగునీరు పిల్లకాలువల గుండా పెద్ద కాలువకు పోవు విధమువంటిదే ఇదియును. గర్భాశయ ముఖమునుండి బయలుదేరు నాళములు సాధారణముగా గజ్జలకు పోవు. కటి లోపల పెద్ద రక్తనాళముల వెంట వరుసగానున్న గ్రంథులకు పోవును. అక్కడనుండి వెన్నెముక ముందు బృహద్ధమని ప్రక్కనున్న గ్రంథులకు, ఆపైన మెడకు ఎడమవైపు మొదటనున్న గ్రంథులకు చేరును. కావున గజ్జ తడిమి చూచుకొని, బిళ్ళలు లేవు గదా యని ధైర్యపడుట తగదు. రోగము మొదట ఎక్కు గ్రంథులు చేతికందవు.

ఇదిగాక రోగము ప్రక్కలకును విస్తరించును. గర్భాశయమునకు ఇరువైపుల మూత్రపిండములనుండి వచ్చు నాళములు పోవుచుండును. పుండు పెరిగి వానిని నొక్కినచో మూత్రపిండములు చెడును. రక్తముతో కలిసి ఊపిరితిత్తులకు, కాలేయమునకు, ఎముకలకు పోవుట సాధారణముగా తరువాతి ఘట్టము.

సుశ్రుత సంహితలో కంతులకు అర్బుదమని పేరు. మొదటి అర్బుదముపై మరియొకటి లేచినచో దానిని అధ్యర్బుదమనిరి. మర్మస్థానములందును, స్రోతస్సులందును పుట్టినది అసాధ్యమని చెప్పిరి. దీనిని చూపి నేటి శాస్త్రమంతయు పూర్వులకు తెలియునని గొప్పలు చెప్పుకొనుట కొందరికి వేడుక. అంత పని లేదు. రోగము ఎక్కడ నున్నదన్నదే సాధ్యాసాధ్యములను నిర్ణయించునని వారు గ్రహించుట మాత్రము మెచ్చదగినది. ఎంత లోతు, ఎంత వెడల్పు అని కొలిచి, నూటికి ఇందరికి అని లెక్క చెప్పుట సూక్ష్మదర్శిని వచ్చిన తరువాతి మాట.

ఆ కొలతలు కొన్ని వినదగినవి. రోగము లోనికి దిగిన లోతు 3 మిల్లీమీటర్లకు మించక, నాళములలో రోగకణములు కనబడనిచో, గ్రంథులకు ప్రాకియుండుట నూటికి ఒకరికన్న తక్కువ. 3 నుండి 5 మిల్లీమీటర్ల లోతునకు దిగినచో సుమారు ఐదుగురికి. పుండు అంతకన్న పెద్దదై, కాని గర్భాశయ ముఖమును దాటకున్నచో నూటికి 15 నుండి 20 మందికి. ప్రక్కలకు వ్యాపించిన పిమ్మట ఆ సంఖ్య మరింత పెరుగుచు పోయి, కటి గోడను తాకునప్పటికి సగమునకు సమీపించును. 5 మిల్లీమీటర్లనగా వడ్లగింజ పొడవు కంటెను తక్కువ. ఆ కొలతకు ఇవతల నున్న స్త్రీకిని, అవతలనున్న స్త్రీకిని బాధలో భేదమేమియు తెలియదు. చాలమారులు ఇద్దరికిని ఏ బాధయు నుండదు. తెలిసికొనుటకు పరీక్షయే శరణ్యము.

కొలత యొక్కటే చాలదనుటకు లోకప్రసిద్ధమైన దృష్టాంతము కలదు. అమెరికా దేశమున వర్జీనియా పొగాకు పొలములలో పెరిగి, బాల్టిమోరు నగరమువద్ద కాపురముండిన హెన్రియెట్టా లాక్సు అను నీగ్రో జాతి ఇల్లాలు, అయిదుగురు బిడ్డల తల్లి, 1951వ సంవత్సరారంభమున జాన్స్ హాప్కిన్సు ఆసుపత్రికి పోయినది. వైద్యులు చూచి ప్రథమ దశయని వ్రాసిరి. పుండు చిన్నది. ఆ కాలపు పద్ధతి చొప్పున రేడియము పెట్టిరి, పిమ్మట ఎక్సురే కిరణముల చికిత్స జరిగినది. దశను బట్టి చూచిన ఆమె బ్రతుకవలసినది. కాని కొలది నెలలలోనే రోగము శరీరమంతట ప్రాకి, మూత్రపిండములు చెడి, 1951 అక్టోబరు 4వ తేదీన ఆమె మరణించినది. అప్పటికామెకు 31 ఏండ్లు. ఆమెనడుగకయే తీసిన కణములు నేటికిని ప్రపంచమందలి ప్రయోగశాలలలో పెరుగుచునే యున్నవి. ఆ అన్యాయపు కథ వేరుగా చెప్పుకొనదగినది. ఇప్పటి విషయమునకు కావలసినది మరొకటి. 1971లో వైద్యులు ఆనాటి తునకను తిరిగి పరీక్షించి, మొదట వ్రాసినది సరికాదనిరి. పైపొర కణములనుండి పుట్టిన సాధారణ జాతి యని అప్పుడు వ్రాసిరి. నిజమునకది శ్లేష్మమును స్రవించు గ్రంథి కణములనుండి పుట్టిన జాతి. సరిగా గుర్తించియున్నను ఆ కాలమున చికిత్స మారెడిది కాదు. ఆమె కణములలో 18వ సంఖ్య వైరసు దూరియున్నదని తరువాతి పరిశోధన తేల్చినది. దశయనునది రోగమెంతవరకు పోయినదో చెప్పును; దాని స్వభావమును చెప్పదు. ఒకే దశలోని ఇద్దరు స్త్రీలకు ఒకే భయమున్నదనుకొనుట 1951 నాటి లెక్క.

తరువాతి కాలమున ఆ లెక్కను సవరించినవారిలో అమెరికా దేశపు పరిశోధకులు ముఖ్యులు. 1999లో ప్రకటించిన ఒక పరిశోధనలో, శస్త్రచికిత్స జరిగి, గ్రంథులలో రోగము లేదని తేలిన 277 మంది స్త్రీలను తీసికొనిరి. గ్రంథులు శుభ్రముగా నున్నను వీరందరిలో కొన్ని అనుమానాస్పద లక్షణములు కలవు. మూడు సంగతులను కలిపి చూచిరి. గర్భాశయ ముఖపు మందమును మూడు పాళ్ళు చేసి, రోగము ఏ పాలు వరకు దిగినదనునది మొదటిది. పుండు వెడల్పు రెండవది. సన్నని నాళములలోనికి రోగకణములు ప్రవేశించెనా యనునది మూడవది. నాళములలో కణములు కనబడి, లోతు కడపటి పాలు వరకు పోయినచో పుండు ఎంత చిన్నదైనను అనుమానమే. నాళములు శుభ్రముగా నుండినచో, లోతు మధ్యపాలు దాటినను, వెడల్పు 4 సెంటీమీటర్లు, అనగా ఒకటిన్నర అంగుళము, ఉండినగాని ఆ పట్టికలో చేర్చలేదు. ఇట్లు ఒక లక్షణము బరువును మరియొక లక్షణముతో తూచుట ఈ లెక్కలోని మెలకువ. వీరిలో సగమందికి కిరణ చికిత్స చేసిరి, మిగిలినవారిని ఊరక కనిపెట్టియుండిరి. చికిత్స పొందినవారిలో నూటికి 15 మందికి, పొందనివారిలో 28 మందికి రోగము తిరుగబెట్టినది.

ఈ సంఖ్యను రెండువైపులనుండి చదువవలెను. కిరణ చికిత్స మేలు చేసినదన్నది నిజము. చికిత్స లేకయే నూటికి 72 మందికి రోగము తిరిగి రాలేదన్నదియు అంతే నిజము. ఆ 72 మంది ఎవరో ముందుగా తెలిసినచో వారికి కిరణముల బాధ తప్పియుండును. తెలియదు. ఊరికంతకును ఎకరమునకు ఇన్ని బస్తాలని అంచనా కట్టవచ్చును; ఫలాని రైతు కళ్ళములో ఎన్ని బస్తాలు రాలునో కొలిచినగాని తెలియదు. నూటికి ఇరువది యని వైద్యుడు చెప్పినప్పుడు, ఆ స్త్రీకి అయిదవ వంతు రోగము ప్రాకినదని అర్థము కాదు. ఆమెకు ప్రాకియైన నుండును, ప్రాకకయైన నుండును. ఆమె వంటివారు నూరుగురున్నచో ఇరువదిమందికి ప్రాకియుండునని మాత్రమే భావము. ఈ భేదమును రోగికి నెమ్మదిగా విప్పి చెప్పు వైద్యులు తక్కువ. అడుగు బంధువులు అంతకన్న తక్కువ.

అంచనాతో తృప్తిపడక కొలిచి చూచు ఉపాయమొకటి ఇటీవలి దశాబ్దములలో వాడుకకు వచ్చినది. తూము క్రింది మొదటి మడికి నీరెక్కనిదే తరువాతి మడులకు ఎక్కదు. అట్లే పుండునుండి బయలుదేరిన శోషరసము మొట్టమొదట చేరు గ్రంథిని కనిపెట్టినచో, దానిని పరీక్షించి తరువాతివాని సంగతి ఊహింపవచ్చును. పుండు చుట్టును రంగుద్రవమును ఎక్కించి, అది ఏ గ్రంథికి మొదట చేరునో చూచి, దానినే తీసి సూక్ష్మదర్శిని క్రింద పెట్టుదురు. ఫ్రాన్సు దేశమున చేసి 2011లో ప్రకటించిన పరిశోధనలో, గ్రంథులకు రోగమెక్కినవారిలో నూటికి 92 మందిని ఈ మొదటి గ్రంథి సరిగా పట్టియిచ్చినది. మిగిలిన గ్రంథులను పెకలించు పని తప్పినచో కాళ్ళ వాపు తగ్గును. మిగిలిన ఎనమండుగురిని మరువరాదు. కాలువ ఒక్కొక్కప్పుడు గండిపడి మొదటి మడిని దాటి పోవును.

భయము తక్కువయని తేలుట వలన కలుగు లాభము చిన్నది కాదు. 1898లో వియన్నా నగరమున ఎర్నెస్టు వెర్థైము గర్భసంచిని చుట్టునున్న కణజాలముతోను గ్రంథులతోను కలిపి తీసివేయు పెద్ద శస్త్రచికిత్స నారంభించెను. మొదటి దినములలో ఆ కోత వలననే పలువురు చనిపోయిరి. తరువాత అది సురక్షితమైనను, మూత్రాశయమునకు పోవు నరములు తెగుటచే స్త్రీలు పడు బాధ నిలిచినది. నూరేండ్లకు పైగా చిన్న పుండునకును అదే కోత. పుండు 2 సెంటీమీటర్లకు మించక, లోతు తక్కువగానున్న 700 మంది స్త్రీలను పలు దేశములలో చేర్చుకొని, సగమందికి ఆ పెద్ద కోత, సగమందికి గర్భసంచి మాత్రము తీయు సాధారణపు కోత చేసిన పరిశోధనా ఫలితము 2024లో వెలువడినది. మూడేండ్లలో కటిలో రోగము తిరుగబెట్టినవారు పెద్ద కోతలో నూటికి 2.17, సాధారణపు కోతలో 2.52. భేదము లేనట్లే. మూత్ర సంబంధమైన బాధలు మాత్రము సాధారణపు కోత పొందినవారికి తక్కువ. బిడ్డలు కావలెనను పడుచు స్త్రీలకు గర్భసంచిని నిలిపి ముఖభాగమును మాత్రమే తీయు పద్ధతిని ఫ్రాన్సు వైద్యుడు డేనియల్ దార్జాన్ 1994లో ప్రకటించెను. అట్టి చికిత్స పొంది తల్లులైనవారు పలు దేశములలో కలరు. ఇవన్నియు పుండు చిన్నదిగా నున్నప్పుడే లభించు సౌకర్యములు.

గ్రంథులకు ప్రాకియుండునని ముందే బలమైన అనుమానమున్నచో వైద్యులు కోత జోలికే పోక కిరణ చికిత్సను, దానితోపాటు వారమున కొకమారు ఔషధమును ఇత్తురు. కోసిన పిమ్మట మరల కిరణములు పెట్టుట వలన రెండింటి బాధలును కలసి వచ్చును గనుక. బొంబాయి టాటా స్మారక ఆసుపత్రిలో ఆరువందలకు పైబడిన స్త్రీలపై చేసి 2018లో ప్రకటించిన పరిశోధనలో, ముందు మందులిచ్చి పుండును కుదించి కోసినవారికంటె, కోత లేక కిరణములు మందులు కలిపి పొందినవారే ఎక్కువమంది అయిదేండ్లు రోగము లేక గడపిరి: నూటికి 69.3కు బదులు 76.7. కోసి తీసివేసిననే రోగము పోవునని మన పల్లెలలో నాటుకొనియున్న నమ్మకమునకు ఇది సమాధానము. ఆపరేషను చేయమన్నారనగానే ఆశ వదలుకొను కుటుంబములు కలవు. అది తొందరపాటు.

దశలను నిర్ణయించు అంతర్జాతీయ సమాఖ్య 2018 వరకు గ్రంథుల సంగతిని లెక్కలోనికి తీసికొనలేదు. పేదదేశములలో స్కానింగు యంత్రములు లేవు గనుక, చేతి పరీక్షతోనే దశను చెప్పవలెనన్నది అప్పటి వాదము. 2018లో గ్రంథులకు రోగమెక్కినవారిని, పుండు ఎంత చిన్నదైనను, మూడవ దశలో చేర్చిరి. ఎం.ఆర్.ఐ. పరీక్ష పుండు కొలతను, ప్రక్కలకు పోయిన జాడను చక్కగా చూపును. పెట్ స్కానింగు గ్రంథులను చూపును. కాని కొలది మిల్లీమీటర్ల రోగము గ్రంథిలో దాగియున్నచో అదియును తప్పిపోవును. ఎస్.సి.సి. యను రక్తపరీక్ష సాధారణ జాతి క్యాన్సరులో కొంత సూచన నిచ్చును. ఇప్పుడు వీనినన్నిటిని కంప్యూటరు కప్పగించి, ఒక్కొక్క స్త్రీకి ఒక్కొక్క అంకె చెప్పించు ప్రయత్నములు ముమ్మరముగా సాగుచున్నవి. ఒక ఆసుపత్రి రోగులను బట్టి కట్టిన లెక్క మరియొక ఆసుపత్రి రోగులకు చెల్లునా యని పరీక్షింపనిదే దానిని నమ్మరాదు. ఒక ఊరి నేలకు కుదిరిన అంచనా మరొక ఊరి నేలకు కుదరదని రైతునకు చెప్పనక్కరలేదు.

ఇక పల్లెల సంగతి. మహారాష్ట్రమున ఉస్మానాబాదు జిల్లాలో (2023 నుండి దాని పేరు ధారాశివ్) 1999 మొదలుకొని గ్రామములను 52 గుంపులు చేసి, 30 నుండి 59 ఏండ్ల వయసుగల 1,31,746 మంది స్త్రీలపై గొప్ప పరిశోధన జరిగినది. కొన్ని గుంపులలో వైరసు పరీక్షను ఒక్కమారు చేసిరి. కొన్నిట ఏ పరీక్షయు చేయలేదు. ఎనిమిదేండ్లు కనిపెట్టి చూచి 2009లో ఫలితము ప్రకటించిరి. వైరసు పరీక్ష జరిగిన గ్రామములలో ముదిరిన క్యాన్సరుతో కనబడిన స్త్రీల సంఖ్యయు, ఈ రోగముతో మరణించినవారి సంఖ్యయు ఇంచుమించు సగమునకు తగ్గినవి. జన్మములో ఒక్కమారు చేసిన పరీక్ష ఇంత చేసినది. ఆ గ్రామములు మన గ్రామముల వంటివే; ఆ స్త్రీలు చేనుపనులు చేసికొనువారే. ఈ రోగమున ప్రాకు భయమును తగ్గించినదేదియైన నున్నచో, ఇంతవరకు, చికిత్సకన్న ముందు అదియే.

ఆడపిల్లలకు 9 నుండి 14 ఏండ్ల వయసులో వేయు టీకా వైరసును రానీయదు; వచ్చిన రోగమును మాన్పదు. టీకా పొందినవారును 30 ఏండ్లు దాటిన తరువాత పరీక్ష చేయించుకొనవలసినదే.

రోగము తేలిన ఇంటివారు చేయవలసిన పని కొంత కలదు. తునక పరీక్ష కాగితమును, స్కానింగు కాగితములను ఒక సంచిలో భద్రపరుపవలెను. శస్త్రచికిత్స జరిగినచో తరువాత వచ్చు కాగితమున అయిదు సంగతులున్నవో లేవో చదివించుకొనవలెను: పుండు వెడల్పు, దిగిన లోతు, నాళములలో కణములున్నవా, గ్రంథులెన్ని తీసిరి అందెన్నిట రోగమున్నది, కోసిన అంచు శుభ్రముగా నున్నదా. ఇంగ్లీషు రానివారు ఊరి బడిపంతులు చేతనైనను చదివించుకొనవచ్చును. మరియొక వైద్యుని అభిప్రాయము కోరినచో ఆ తునకనే, ఆ గాజుపలకలనే తిరిగి చూపవచ్చును. వానిని ఆసుపత్రినుండి అడిగి తీసికొనుటకు వెరవనక్కరలేదు. మద్రాసు అడయారులో డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి 1954లో నెలకొల్పిన క్యాన్సరు సంస్థకును, హైదరాబాదులో 1955 నాటి మెహదీ నవాజ్ జంగ్ ఆసుపత్రికిని తెలుగువారు తరతరములుగా పోవుచునే యున్నారు.

చికిత్స ముగిసిన పిమ్మట రోగము తిరుగబెట్టుట ఎక్కువగా మొదటి రెండు మూడేండ్లలోనే జరుగును. అందుచే మొదటి రెండేండ్లు మూడు నుండి ఆరు నెలలకొకమారు, పిమ్మట అయిదవ యేటివరకు ఆరు నెలలకో సంవత్సరమునకో ఒకమారు వైద్యునికి చూపుకొనవలెను. నడుమ ఒక కాలు మాత్రమే వాచినను, నడుమునుండి తొడకు దిగు నొప్పి రాత్రులు నిద్రపట్టనీయకున్నను, నెత్తురు మరల కనబడినను, గడువువరకు ఆగక మరునాడే బయలుదేరవలెను.